క్యాపా, బ్రిడ్జా, స్క్రూ పన్నా? డెంకణికోట సీమలో పంటి మరమ్మతుల లెక్క

"పెళ్ళి కుదిరింది డాక్టరమ్మా, ఈ ముందరి పళ్ళకు క్యాపులు వేసేయండి." డెంకణికోట ఉన్న తమిళనాడు కృష్ణగిరి జిల్లాలో పళ్ళ డాక్టర్లకు ఇది కొత్త మాట కాదు. అడిగే మనిషికి పాతికేళ్ళు నిండి ఉండవు. పళ్ళు పుచ్చలేదు, కదలడం లేదు, నొప్పీ లేదు. ఎనామెల్ మీద సుద్దరంగు మచ్చలు ఉంటాయి. కొందరికి అడ్డంగా గోధుమరంగు పట్టీలు, ఇంకొందరికి పెచ్చులూడిన చిన్న చిన్న గుంటలు. అదే డాక్టరు దగ్గర వరుసలో వెనక కూర్చున్న పెద్దావిడకు కింది దవడలో ఒక్క పన్నూ లేదు. ఆమె పక్కన ఉన్న మేస్త్రీకి బుగ్గపన్ను సగం విరిగింది. ముగ్గురికీ కావలసింది పంటి మరమ్మతే. అయినా ఒకరికి సరిపోయే సలహా ఇంకొకరికి హాని చేస్తుంది.

పళ్ళ మరమ్మతుల గురించి మనవాళ్ళు అడిగే ప్రశ్నలు రెండు: ఏది గట్టిది, ఎంత అవుతుంది. రెండూ అడగవలసినవే. వాటికంటే ముందు అడగవలసినది ఇంకొకటి ఉంది. డాక్టరు పెట్టిన ఏ సిమెంటైనా, ఏ క్యాపైనా ఎప్పుడో ఒకప్పుడు పాడవుతుంది. అది పాడైన రోజున ఆ పంటికి ఇంకేమైనా చేయడానికి వీలు మిగిలి ఉంటుందా? ఈ వ్యాసంలో ఒక్కొక్క పద్ధతినీ ఈ ప్రశ్న ముందు నిలబెట్టి చూస్తాను.

ముందు మచ్చల సంగతి. వాటి మూలం నీళ్ళలో ఉంది. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల కింద ఉన్నది గట్టి రాతి నేల. గ్రానైటు, నైసు రాళ్ళలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు కొద్దికొద్దిగా భూగర్భ జలంలోకి దిగుతుంది. బోరు ఎంత లోతుకు పోతే, నీళ్ళు రాతిలో ఎంత కాలం నిలిస్తే అంత ఎక్కువగా దిగుతుంది. అన్ని ఊళ్ళకూ ఒకే లెక్క లేదు. ఒకే ఊళ్ళో ఒక బోరు నీళ్ళు మంచివై, రెండు వీధుల అవతల బోరు చెడ్డదై ఉండవచ్చు. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకుండా ఉండాలనీ, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు ఫర్వాలేదనీ మన దేశపు ప్రమాణం. కాచితే ఫ్లోరైడు పోదు, నీళ్ళు ఇగిరే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఈ ఫ్లోరైడు ఎక్కువై వచ్చే జబ్బే ఫ్లోరోసిస్, పంటి మచ్చలు దాని గుర్తు. మన దేశంలో అది మొదట బయటపడింది తెలుగు నేల మీదనే. 1937లో గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, ఆయన తోటివాళ్ళు మద్రాసు రాజధానిలో ఫ్లోరోసిస్ గురించి రాసిన పరిశోధన పత్రం అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలదే. దానికి కొన్నేళ్ళ ముందు, 1931లో, అమెరికాలో చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త పంటి మచ్చలకు కారణం నీటిలోని ఫ్లోరైడేనని పట్టుకున్నాడు. మెకే అనే దంతవైద్యుడు ఆ మచ్చల వెంట 1901 నుంచి తిరుగుతూనే ఉన్నాడు. ఆ మచ్చల పళ్ళు తొందరగా పుచ్చవని గమనించినవాళ్ళలోనూ మెకే ఉన్నాడు. మచ్చ చూడటానికి బాగుండకపోవచ్చు గానీ, తేలికపాటి ఫ్లోరోసిస్ ఉన్న పన్ను చాలావరకు గట్టి పన్నే. ఎనామెల్ గుంటలు పడి పెచ్చులూడే తీవ్ర దశ వేరు, అక్కడ పన్ను నిజంగానే బలహీనపడుతుంది. ఈ తేడా చూడకుండా రెండింటికీ ఒకే మందు వేయడం దగ్గరే పొరపాటు మొదలవుతోంది.

జపాన్ సంస్థ జైకా అప్పుతో, పంతొమ్మిది వందల కోట్లు దాటిన ఖర్చుతో కట్టిన హొగెనకల్ తాగునీటి పథకం 2013లో మొదలై, ఈ రెండు జిల్లాలకూ కావేరి నీళ్ళు తెచ్చింది. పథకం పేరులోనే ఫ్లోరోసిస్ నివారణ ఉంది. అయితే పంటి మీద దాని ఫలితం పుట్టిన సంవత్సరాన్ని బట్టి ఉంటుంది. ఎనామెల్ తయారయ్యేది దవడ లోపల, ఎనిమిదేళ్ళ వయసు లోపల. ముందరి పళ్ళ ఎనామెల్ అయితే నాలుగైదేళ్ళకే పూర్తవుతుంది. ఆ వయసు దాటాక బోరు నీళ్ళు తాగినా కొత్తగా మచ్చ రాదు, కావేరి నీళ్ళు తాగినా పాతది పోదు. అంటే 2013 నాటికే బడికి పోతున్న పిల్లలు, నేడు పెళ్ళి వయసుకు వచ్చినవాళ్ళు, ఆ పాత నీళ్ళ గుర్తును నోట్లో పెట్టుకునే పెద్దయ్యారు. క్యాపులు అడుగుతున్నది వాళ్ళే.

క్యాపు వేయాలంటే పన్నును చుట్టూ అరగదీయాలి. ఎడెల్‌హాఫ్, సోరెన్‌సెన్ అనే ఇద్దరు 2002లో ఈ అరగదీతను తూకం వేసి లెక్క కట్టారు. పూర్తి క్యాపు కోసం తయారుచేసిన పంటిలో చిగురు పైన కనిపించే భాగంలో 63 నుంచి 72 శాతం వరకు పోతుంది. వెనీరు అనే పలుచటి పింగాణీ పొర అయితే పోయేది 3 నుంచి 30 శాతం. ఇరవై రెండేళ్ళ అమ్మాయికి ఆరు ముందరి పళ్ళలో మూడింట రెండు వంతులు తీసేసి క్యాపులు పెడితే, ఫొటోలలో బాగానే ఉంటుంది. ఆ క్యాపులు పదిహేను, ఇరవై ఏళ్ళు నిలిచాయనే అనుకుందాం. నలభై ఏళ్ళ వయసులో వాటిని మార్చాలి. మార్చేటప్పుడు మళ్ళీ కాస్త అరగదీయాలి. అంతగా కోసిన కొన్ని పళ్ళలో లోపలి నరం మెల్లగా చచ్చిపోతుంది, అప్పుడు రూట్ కెనాల్. అరవైకి ఆ పన్ను విరిగితే తీసేయడమే. అంత ఖర్చూ మచ్చ కోసమే.

మచ్చలకు వేరే దారులు ఉన్నాయి, అవి మెట్లు మెట్లుగా ఉంటాయి. మొదటి మెట్టు బ్లీచింగ్. కార్బమైడ్ పెరాక్సైడు జెల్లును, నోటి అచ్చుకు సరిపడా చేసిన ట్రేలో వేసి రాత్రిపూట పెట్టుకోవాలి. తెల్ల మచ్చ పోదు, చుట్టూ ఉన్న పన్ను తెల్లబడి మచ్చ కలిసిపోతుంది. రెండోది మైక్రో అబ్రేషన్: పలుచటి ఆమ్లం, ప్యూమిస్ పొడి కలిపిన ముద్దతో పై పొరను రుద్ది తీసేస్తారు. పోయేది మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే రెండు వంతులు. గోధుమరంగు పట్టీలకు ఇది బాగా పని చేస్తుంది, చాలామందికి ఒక్కసారికే తేడా కనిపిస్తుంది. మూడోది రెజిన్ ఇన్‌ఫిల్ట్రేషన్. ఎనామెల్‌లోని సూక్ష్మ రంధ్రాలలోకి పలుచటి రెజిన్ ఇంకుతుంది, సుద్దరంగు తగ్గుతుంది. గుంటలు పడిన చోట వాటిని మాత్రమే శుభ్రం చేసి కాంపోజిట్ అనే పంటిరంగు సిమెంటు నింపవచ్చు. ఇవన్నీ అయ్యాక, అప్పటికీ చాలకపోతే, వెనీరు. క్యాపు చిట్టచివర.

కాంపోజిట్ విషయంలో మన సీమ పళ్ళకు ఒక చిక్కు ఉంది. ఫ్లోరోసిస్ ఎనామెల్ ఆమ్లానికి అంత తేలిగ్గా లొంగదు. రెజిన్ అంటుకోవాలంటే ఫాస్ఫారిక్ ఆమ్లంతో ముందు ఉపరితలాన్ని గరుకు చేయాలి. మామూలు పంటికి చాలే వ్యవధి దీనికి చాలదు, పై పొరను కొంచెం రుద్ది ఎక్కువసేపు ఉంచాలి. ఇది తెలియని చోట పెట్టిన కాంపోజిట్ ఆరు నెలలకే అంచుల దగ్గర ఎగిరిపోతుంది. అప్పుడు జనం అనేది ఒక్కటే: "సిమెంటు నిలవదు, క్యాపే వేయించుకోవాలి." అది ఎగిరిపోవడం సిమెంటు తప్పు కాదు. ఎగిరిపోయిన కాంపోజిట్‌ను మళ్ళీ పెట్టవచ్చు, పన్ను అక్కడే ఉంటుంది. అందుకే నా లెక్కలో అది ఓడిపోయినా నెగ్గినట్టే.

ఇక పుచ్చు పళ్ళు. పుచ్చు తీసి నింపే పదార్థాలలో మూడు పేర్లు వినిపిస్తాయి. వెండి సిమెంటు అని మనవాళ్ళు పిలిచే అమాల్గంలో సగం దాకా పాదరసమే. దశాబ్దాల పాటు బుగ్గపళ్ళలో గట్టిగా నిలిచిన మందు అది. పాదరసం మీద 2013లో కుదిరిన మినమాటా ఒప్పందం తరువాత దాని వాడకం తగ్గుతూ వస్తోంది, యూరోపియన్ యూనియన్ 2025 జనవరి 1 నుంచి దాదాపు పూర్తిగా ఆపేసింది. కాలుష్యం గురించిన భయం మొదటి కారణం. ఇప్పటికే నోట్లో బాగున్న వెండి సిమెంటును భయపడి తీయించుకోవలసిన పనిలేదు. తీసేటప్పుడు పన్ను ఇంకొంచెం పోతుంది, ఆవిరి కూడా అప్పుడే ఎక్కువగా లేస్తుంది.

పంటిరంగు కాంపోజిట్ బోవెన్ 1962లో తయారుచేసిన రెజిన్ వారసత్వం. పొడిగా ఉన్న చోట బాగా అంటుకుంటుంది, కాబట్టి డాక్టరు పంటి చుట్టూ రబ్బరు తెర కట్టి చేస్తే మేలు. లాలాజలం తగిలితే పని చెడుతుంది. చిగురు లోపలికి దిగిన పుచ్చుకు ఇది అంత పనికిరాదు. మూడోది గ్లాస్ అయొనోమర్. లండన్‌లోని ప్రభుత్వ ప్రయోగశాలలో విల్సన్, కెంట్ 1970 ప్రాంతాల్లో తయారుచేశారు. తడిలోనూ పంటిని రసాయనికంగా పట్టుకుంటుంది. నమలే బరువుకు అంత గట్టిది కాదు. కానీ బూడిద, ఇటికపొడి, గరుకు పళ్ళపొళ్ళతో అడ్డంగా రుద్దిరుద్ది చిగురు పక్కన గాడి పడిన పళ్ళకు దీనికి మించినది లేదు. మన పల్లెల్లో పెద్దవాళ్ళ నోళ్ళలో ఆ గాళ్ళు తరచూ కనిపిస్తాయి. వాటికి క్యాపు వేసినవాళ్ళూ ఉన్నారు, నా దృష్టిలో అది అన్యాయం.

అంచెట్టి కొండల వంటి చోట్లకు డాక్టరు కుర్చీ, కరెంటు డ్రిల్లు వెళ్ళలేవు. 1980లలో టాంజానియాలో ఫ్రెంకెన్ అనే డచ్చి దంతవైద్యుడు మొదలుపెట్టిన పద్ధతి అలాంటి చోట్లకే: చేతి పరికరాలతో మెత్తబడ్డ పుచ్చును గీకి, గ్లాస్ అయొనోమర్‌తో నింపేయడం. మత్తు సూది అక్కరలేదు, కరెంటు అక్కరలేదు. సిల్వర్ డయామిన్ ఫ్లోరైడు అనే చుక్కమందు ఇంకా సులువు. పుచ్చు మీద రాస్తే చాలావరకు ఆ పుచ్చు ఆగిపోతుంది, ఆ చోటు నల్లబడుతుంది. పిల్లల పాలపళ్ళకు, మంచం దిగలేని ముసలివాళ్ళకు ఈ నలుపు పెద్ద లోపం కాదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఫ్లోరైడు ఎక్కువై పళ్ళు చెడిన జిల్లాలో ఫ్లోరైడే మందు కావడం వినడానికి వింత. తాగే నీళ్ళలో ఏళ్ళ తరబడి మింగేది వేరు, పుచ్చు మీద ఒక్క చుక్క రాసేది వేరు.

క్యాపును నేను ఇంతవరకు నిందించాను. ఇప్పుడు దాన్ని పొగడవలసిన చోటు వచ్చింది. రూట్ కెనాల్ చేయించుకున్న బుగ్గపన్ను. నరం తీయడం కోసం పైనుంచి రంధ్రం చేస్తారు, అప్పటికే పుచ్చు సగం తినేసి ఉంటుంది. మిగిలిన గోడలు రెండు దవడల మధ్య బరువుకు చీలుతాయి. రూట్ కెనాల్ అయ్యాక క్యాపు వేయని పళ్ళు, వేసిన వాటికంటే ఆరు రెట్లు ఎక్కువగా పోయాయని 2002లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనం తేల్చింది. మన దగ్గర జరుగుతున్నది సరిగ్గా దీనికి తలకిందులు. రూట్ కెనాల్‌కు డబ్బు కట్టి, నొప్పి పోయింది కదా అని క్యాపు దగ్గర ఆగిపోతారు. కొన్నాళ్ళకు ఆ పన్ను నిలువునా చీలే ప్రమాదం ఉంది, చీలిన పంటిని ఏ డాక్టరూ అతికించలేడు. ముందరి గట్టి పళ్ళకు క్యాపు కావాలంటారు, చచ్చిన బుగ్గపంటికి వద్దంటారు. కనిపించే పన్ను మీద ఉన్న శ్రద్ధ నమిలే పన్ను మీద లేదు.

ఏ క్యాపు? లోపల లోహం, పైన పింగాణీ ఉన్నది పాతది, చవక. కొన్నేళ్ళకు చిగురు పక్కన నల్లటి గీత కనిపిస్తుంది, పింగాణీ ముక్క ఎగిరిపోవచ్చు. జిర్కోనియా తెల్లగా ఉంటుంది, చాలా గట్టిది, ధర ఎక్కువ. బాగా నునుపు చేయకపోతే ఎదురు పంటిని అరగదీస్తుంది. వీటి మధ్య ఎవరూ అడగనిది ఒకటుంది: పూర్తి లోహపు క్యాపు. నవ్వినా కనిపించని చివరి బుగ్గపంటికి దానికంటే మేలైనది నాకు కనిపించదు. పలుచటి లోహమే చాలు కాబట్టి పన్ను తక్కువగా కోస్తారు, విరగదు, ఖర్చూ తక్కువ. వెనకటికి కలిగినవాళ్ళు బంగారు పన్ను పెట్టించుకుని నవ్వేవారు. ఇప్పుడు లోహం అంటేనే మొహం తిప్పుకుంటున్నారు.

క్యాపు నిలవడానికి చిగురు పైన కనీసం ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల గట్టి పంటి గోడ చుట్టూ మిగలాలి. అది లేని చోట లోపల పోస్టు అనే కడ్డీ దింపి, పైన సిమెంటు కట్టి, క్యాపు వేసినా ఎక్కువ కాలం నిలవదు. అలాంటి పంటిని కాపాడాలని డబ్బు పోసే ముందు, దాని గోడ ఎంత మిగిలిందని డాక్టరును అడగాలి. జవాబు సూటిగా రాకపోతే ఇంకొకరికి చూపించాలి.

పన్ను లేనే లేని చోట లెక్క మారుతుంది. మొదటి మాట, ఖాళీ ప్రతిదీ నింపవలసినదే అని ఎక్కడా లేదు. డచ్చి దంతవైద్యుడు కైజర్ 1981లో చూపించినది ఇదే: చివరి బుగ్గపళ్ళు కొన్ని లేకపోయినా, ముందరివీ వాటి వెనక చిన్న బుగ్గపళ్ళూ జతలుగా ఉంటే మనుషులు సుఖంగా నమిలి తినగలరు. జపాన్ 1989 నుంచి ఎనభై ఏళ్ళకు ఇరవై పళ్ళు అనే లక్ష్యం పెట్టుకుంది. ముప్ఫై రెండింటినీ నిలపాలని అనలేదు. వెనక చివరి పన్ను తీయించుకున్న మనిషికి "పక్కవన్నీ ఒరిగిపోతాయి, వెంటనే ఏదో ఒకటి పెట్టించండి" అని భయపెట్టడం సరికాదు. ఒరగడం నిజమే, కొందరికి. అందరికీ కాదు. ఆరు నెలలకొకసారి చూపించుకుంటూ ఆగి చూడటం కూడా వైద్యమే.

నింపవలసి వస్తే దారులు మూడు.

తీసి పెట్టుకునే సెట్టు అన్నిటికంటే చవక. ఎర్రటి అక్రిలిక్ ముక్కకు పళ్ళు కూర్చి, తీగ కొక్కేలతో పక్క పళ్ళకు తగిలిస్తారు. ఏ పంటినీ కోయనక్కరలేదు. అందుకే, ఎంత అసౌకర్యమైనా, తరువాత వేరేది పెట్టించుకోవాలనుకునే యువకుడికి ఇది నిజాయితీ గల మొదటి అడుగు. కోబాల్టు క్రోమియం పోతతో చేసినది పలుచగా, గట్టిగా ఉంటుంది, చిగురు మీద అంత బరువు వేయదు. వంగే నైలాన్ సెట్టుకు ఈ మధ్య గిరాకీ పెరిగింది. కొక్కెం కనిపించదు, నిజమే. విరిగితే సరిచేయడం కష్టం, చిగురు కిందికి నొక్కుకుపోతుంది.

బ్రిడ్జి అంటే ఖాళీకి రెండు పక్కల పళ్ళను క్యాపుల కోసం కోసి, మధ్యలో వేలాడే పంటితో కలిపి అతికించడం. పదేళ్ళకు నూటికి దాదాపు తొంభై బ్రిడ్జిలు నిలుస్తున్నాయని అధ్యయనాలను కలిపి చూసిన లెక్కలు చెబుతాయి. మంచి అంకె. కానీ పోయిన పన్ను ఒక్కటి, దాని కోసం కోసిన గట్టి పళ్ళు రెండు. ఆ రెండింటిలో ఒకటి లోపల పుచ్చితే మూడూ పోతాయి. పక్క పళ్ళకు ఇదివరకే పెద్ద సిమెంట్లో క్యాపులో ఉంటే బ్రిడ్జి చక్కటి నిర్ణయం, ఎందుకంటే ఎలాగూ కోసేశారు. అంటని పళ్ళైతే నేను వెనకాడతాను. ముందరి పంటికైతే మధ్యేమార్గం ఒకటుంది: లోపలి వైపు ఒక రెక్కను పక్క పంటికి రెజిన్‌తో అంటించే మేరీల్యాండ్ బ్రిడ్జి. కోత దాదాపు ఉండదు. ఊడిపోతే మళ్ళీ అంటిస్తారు. కృష్ణగిరి జిల్లాలో బోర్డుల మీద దీని పేరు రాసినవాళ్ళు అరుదు. అందులో మిగిలే డబ్బు తక్కువ కదా.

ఇంప్లాంట్, జనం నోట స్క్రూ పన్ను. స్వీడన్‌లో బ్రాన్‌మార్క్ 1950లలో కుందేలు ఎముకలో టైటానియం అతుక్కుపోవడం గమనించాడు. 1965లో గోటెన్‌బర్గ్‌లో యోస్టా లార్సన్ అనే మనిషికి దవడలో మొదటిసారి పెట్టాడు. ఆ పళ్ళతోనే లార్సన్ 2006లో చనిపోయేదాకా నలభై ఏళ్ళు తిన్నాడు. పక్క పంటిని ముట్టుకోదు, అదే దాని గొప్ప. దవడ ఎముకలో స్క్రూ బిగించి, మూడు నుంచి ఆరు నెలలు ఎముక పట్టేదాకా ఆగి, పైన క్యాపు పెడతారు. పదేళ్ళకు నూటికి తొంభై పైగా స్క్రూలు నిలుస్తాయి.

ఆ లెక్క బాగా చూసుకునే నోటిది. బీడీ, సిగరెట్టు మానని మనిషికి, చక్కెర జబ్బు అదుపులో లేని మనిషికి, చిగురు రోగంతో పళ్ళు కదిలి పోగొట్టుకున్న మనిషికి స్క్రూ చుట్టూ ఎముక కరిగే ప్రమాదం ఎక్కువ. పంటికి నొప్పి ఉంటుంది కాబట్టి పుచ్చు తెలుస్తుంది, స్క్రూ చుట్టూ చీము పట్టినా చాలాకాలం తెలియదు. ఇంకో సంగతి. స్క్రూల తయారీదారులు ఎందరో, ఒకరి భాగాలు ఇంకొకరి దానికి సరిపోవు. బెంగళూరులో పెట్టించుకుని డెంకణికోటలో ఉన్న మనిషికి పైక్యాపు వదులైతే, ఏ కంపెనీది, ఎంత వ్యాసం, ఎంత పొడవు అన్న కాగితం లేకపోతే ఇక్కడి డాక్టరు చేయగలిగింది తక్కువ. పెట్టించుకున్న రోజే ఆ వివరాలు రాయించుకోవాలి. స్క్రూ ధర పదుల వేలలో. ఆ డబ్బుతో నోట్లోని పుచ్చులన్నీ బాగుచేయించి, చిగురు శుభ్రం చేయించి, ఒక పోత సెట్టు కూడా చేయించుకోవచ్చు. పుచ్చు పళ్ళు నాలుగు అలాగే ఉంచుకుని ఒక ఖాళీలో స్క్రూ పెట్టించుకునే వాళ్ళను చూస్తే నాకు నచ్చదు.

డెంకణికోట నుంచి హోసూరు సుమారు పాతిక కిలోమీటర్లు, అక్కడి నుంచి బెంగళూరు ఇంకో నలభై. దూరం కూడా చికిత్సలో భాగమే. స్క్రూ పన్నుకు ఐదారుసార్లు వెళ్ళాలి, తరువాత ఏటా చూపించుకోవాలి. కూలి పని పోగొట్టుకుని, బస్సులు మారి వెళ్ళవలసిన మనిషికి, ఒకట్రెండు సార్లలో అయిపోయేదీ, పాడైతే ఇక్కడే సరిచేయగలిగేదీ మంచి చికిత్స. డబ్బు లేనివాళ్ళకు బెంగళూరు విక్టోరియా ఆసుపత్రి పక్కనున్న ప్రభుత్వ దంత కళాశాల ఒక దారి. సమయం పడుతుంది, పని మాత్రం పద్ధతిగా జరుగుతుంది. చెన్నైకి పోవడం కంటే మనకు అదే దగ్గర.

సంతలో, బస్టాండు పక్కన, గంటలో ఫిక్స్‌డ్ పళ్ళు పెట్టేవాళ్ళ గురించి రెండు మాటలు చాలు. నోట్లోనే గట్టిపడే అక్రిలిక్ పొడిని ద్రవంతో కలిపి, తీగతో పక్క పళ్ళకు కట్టి, చిగురు మీద నొక్కేస్తారు. చవకగా, బలంగా ఉన్నట్టే ఉంటుంది. దాని కింద శుభ్రం చేయడానికి వీలుండదు. చిగురు వాచి, ఎముక తిని, కట్టిన గట్టి పళ్ళు కూడా కదిలిపోతాయి. తీయబోతే పళ్ళతోపాటు వస్తుంది. దంతవైద్యులుగా నమోదు లేనివాళ్ళు ఈ పని చేయడం చట్టప్రకారం నేరం.

ఇక పళ్ళన్నీ పోయిన పెద్దలు. ఈ సీమలో వాళ్ళు కట్టుడు పళ్ళను వాయిదా వేయడానికి ఒక కారణం పళ్ళెంలోనే ఉంది. రాగిముద్దను ఎవరూ నమలరు, సారులో ముంచి మింగుతారు. పన్ను లేకపోయినా పూట గడిచిపోతుంది. పోయేది మిగతాదంతా: అనపగింజలు, వేరుశనగలు, పచ్చి కూరగాయలు, మాంసం. వయసుకు కావలసిన బలం వాటిలోనే ఉంది. పై దవడ సెట్టు అంగుడిని పట్టుకుని నిలుస్తుంది. కింది దవడ ఎముక పళ్ళు పోయిన నాటి నుంచి ఏటా కరుగుతూ ఉంటుంది, ఆలస్యమైన కొద్దీ సెట్టు కూర్చోవడానికి గట్టు తగ్గిపోతుంది. అందుకే కింది సెట్టు డబ్బాలో, పై సెట్టు నోట్లో ఉండే పెద్దలు ఇంతమంది. 2002లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కలిసిన నిపుణులు, కింది దవడకు రెండు స్క్రూలు పెట్టి వాటి మీద బొత్తాల్లా సెట్టు తగిలించడమే మొదటి ఎంపిక కావాలన్నారు. నోరంతా స్క్రూలు పెట్టించుకోవడం కంటే ఈ రెండు స్క్రూలకు డబ్బు ఖర్చుపెట్టడం మేలని నేనూ అంటాను. ఎప్పుడూ ఆకువక్క నోట్లో ఉండే అవ్వలకు ఇంకో ఇబ్బంది: వక్క వల్ల బుగ్గలు బిగుసుకుపోతే, అచ్చు తీయడానికి కూడా నోరు తెరుచుకోదు. బుగ్గ బిగిసినట్టు అనిపిస్తే పళ్ళ సెట్టు కంటే ముందు దాన్ని చూపించాలి, అది కేన్సరుకు దారి తీయగలదు.

సరిహద్దు అవతల కర్ణాటక ప్రభుత్వం దంతభాగ్య పేరుతో పేద పెద్దలకు ఉచితంగా కట్టుడు పళ్ళు ఇస్తోంది. కేరళలో అలాంటిదే మందహాసం. డెంకణికోట అవ్వకు బెంగళూరు ఎంత దగ్గరైనా, రేషన్ కార్డు తమిళనాడుది కాబట్టి దంతభాగ్య ఆమెకు అందదు. ఈ రెండు జిల్లాల్లో పళ్ళు చెడటానికి నీళ్ళూ ఒక కారణమని ప్రభుత్వం హొగెనకల్ పథకం పేరులోనే ఒప్పుకుంది. నీళ్ళు తెచ్చిన పథకంలో, అప్పటికే చెడిన పళ్ళ మరమ్మతుకు పద్దు లేకపోవడం దాని పెద్ద లోపం. కనీసం మైక్రో అబ్రేషన్, బ్లీచింగ్ తాలూకా ఆసుపత్రుల్లోనే చేయగలిగితే, పెళ్ళికి ముందు పళ్ళు కోయించుకునే యువత చాలావరకు తగ్గుతుంది. వాటికి పెద్ద యంత్రాలు అక్కరలేదు.

కావేరి నీళ్ళతో పెరుగుతున్న పిల్లలకు మచ్చలు తగ్గాలి. కుళాయి రాని రోజుల్లో ఏ బోరు నీళ్ళు తాగుతున్నారన్న దాన్ని బట్టి అది ఉంటుంది. వాళ్ళ ముప్పు వేరే వైపు నుంచి వస్తోంది: పది రూపాయల ప్యాకెట్లు, బంక మిఠాయిలు, తీపి పానీయాలు. ఆరేళ్ళకు పాలపళ్ళ వెనక మొలిచే మొదటి పెద్ద బుగ్గపన్నును చాలామంది తల్లిదండ్రులు పాలపన్నే అనుకుంటారు, ఊడిపోయేదే కదా అని వదిలేస్తారు. జీవితాంతం నమలవలసిన పన్ను అది. దాని గుంటలలోకి గ్లాస్ అయొనోమరో రెజినో పోసి మూసే సీలెంటుకు కోత లేదు, సూది లేదు, పంటికి కొన్ని నిమిషాల పని. మొలిచిన ఏడాదిలోపు చేయించాలి. ఇప్పటికే లోతుగా పుచ్చిన పాల బుగ్గపంటికి, స్కాట్లండ్ డాక్టరు నార్నా హాల్ పేరుతో ఉన్న పద్ధతిలో, ఏమీ కోయకుండా స్టీలు క్యాపు తొడిగేస్తారు. మెరుస్తుందని పిల్లలు సంతోషిస్తారు, పెద్దవాళ్ళే వద్దంటారు.